బల్ల మీదికి వచ్చిన గిన్నెలు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఇది పుట్టించింది ఎవరో గానీ మగవాళ్ళే అయ్యుంటారు. ఇంట్లో వడ్డించేది ‘వాడు’ కాదు కదా, మనం. మనం కూర్చునేదే కడబంతి. అప్పటికి మనకి వడ్డించడానికి ఎవరూ మిగలరు, గిన్నెలో కూర కూడా అంతంత మాత్రమే.

ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న నా స్నేహితురాలు ఒక మాట అడిగింది. “పండగకో, చుట్టాలొస్తేనో అంటే సరే. రోజూ ఇంట్లోవాళ్ళకే అయితే కూర ఒక గిన్నెలోకి, పప్పు ఇంకో గిన్నెలోకి తీసి, మూతలు పెట్టి, గరిటెలు వేసి ఇంత హంగామా ఎందుకే? కుక్కరు తెచ్చి బల్ల మీద పెట్టేస్తే పోలా?” అంది. న్యాయమైన ప్రశ్నే. తోమేది తనే కాబట్టి ఇంకా న్యాయమైనది. జవాబు కోసం నేను చాలా వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళాక తెలిసిందేమిటంటే, వడ్డన గిన్నెల చరిత్రంతా వడ్డించే మనిషి చరిత్రే.

మన భోజనంలో అందం లేదని కాదు, చాలా ఉండేది. కానీ అది గిన్నెలో కాదు, విస్తట్లో ఉండేది. గోదావరి వైపు అరటాకు, ఉత్తరాంధ్రలో అడ్డాకు, తెలంగాణలో, రాయలసీమలో మోదుగాకు. ఈనెపుల్లలతో కుట్టిన విస్తరిని చూడండి, ఎంత పనితనమో! అరటాకైతే కొస ఎడమ చేతివైపు రావాలి. ఉప్పు ఎక్కడ, పచ్చడి ఎక్కడ, కూర ఎక్కడ అన్నదానికి చోట్లున్నాయి. పప్పు తర్వాత పులుసు, పులుసు తర్వాత చారు, చివర పెరుగు. ఆకుపచ్చ ఆకు మీద తెల్లటి అన్నం, పసుపు పచ్చటి ముద్దపప్పు, ఎర్రటి ఆవకాయ... ఏ డిజైనరూ అంతకంటే బాగా సర్దలేడు. తిన్నాక తోమే పని కూడా లేదు, అదొక్కటీ మనకి కలిసొచ్చిన విషయం.

మరి గిన్నెలు? అవి తినేవాళ్ళ పక్కన కూర్చునేవి కావు. నడిచేవి. అన్నం పళ్ళెంలో పెట్టుకుని హస్తంతో వడ్డించేవాళ్ళు. చారుకీ పులుసుకీ ముక్కున్న గోకర్ణం. నేతికి చిన్న గిన్నె, దానికో బుల్లి గరిటె. పెళ్ళిళ్ళలో అయితే నాలుగు గిన్నెలు ఒకే పిడికి బిగించిన గుత్తి, ఒక్కసారి వంగితే రెండు పచ్చళ్ళూ రెండు కూరలూ పడిపోతాయి. వీటి వాటం గమనించారా? అన్నీ చేత్తో పట్టుకుని, వంగి, పక్క విస్తరికి జరగడానికి చేసినవి. కింద పెడితే నిలకడగా కూర్చోవాలని చేసినవి కావు. మనిషి లేకుండా అవి పనిచెయ్యవు.

దీనికి కారణం గిన్నె చేసిన కంచరి కాదు, మన ఎంగిలి నియమం. తినేవాళ్ళ కుడి చెయ్యి మొదటి ముద్దతోనే ఎంగిలైపోయింది. ఎడమ చేత్తో గరిటె పట్టకూడదు. రెండు చేతులూ పనికిరాకుండా పోయాయి కాబట్టి మూడో చెయ్యి ఒకటి కావాలి. అది ఎదురుగా నిలబడి ఉండాలి, ఇంకా తిననిదై ఉండాలి. గరిటె విస్తరికి తగలకూడదు, అన్నం గిన్నె విస్తళ్ళ పక్కన ఆనకూడదు. తగిలిందంటే అంతా అంటు. ఈ లెక్కన వడ్డించే ఆవిడ అందరితోపాటు కూర్చోవడం అన్నది మర్యాదకి సంబంధించిన విషయం కూడా కాదు, అసలు కుదిరే పనే కాదు. మా నాయనమ్మ అందరి భోజనాలూ అయ్యాక పప్పుగిన్నెలోనే అన్నం కలుపుకునేది. అడుగున అంటుకున్న పప్పు వృథా కాకూడదని ఒకటి, ఇంకో కంచం తోమక్కర్లేదని ఒకటి. ఇంటినిండా కంచాలున్న మనిషి గిన్నెలో తిన్నది.

ఇక ఆ గిన్నెలు వేటితో చేసేవాళ్ళో చెప్పాలంటే నాకు కంచుతో మొదలుపెట్టాలని ఉంటుంది. కంచంటే రాగీ తగరం. మంచి కంచులో రాగి 78 పాళ్ళు, తగరం 22 పాళ్ళు దాకా ఉంటుంది. తగరం ఎక్కువయ్యేకొద్దీ ఖంగుమని మోగుతుంది, కింద పడితే పగులుతుంది కూడా. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు, ఇత్తడి సామాన్లు చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమగోదావరి వైపు అజ్జరం ఇత్తడికి పేరు. జనగామ దగ్గర పెంబర్తి పనివాళ్ళు ఇత్తడి రేకు మీద బొమ్మలు తేలేలా కొడతారు.

ఇత్తడికీ రాగికీ ఒక ఇబ్బంది ఉంది. చింతపండు తగిలితే చిలుము పడుతుంది, అది కడుపుకి మంచిది కాదు. అందుకని లోపల తగరం పూత, అంటే కళాయి. కళాయి వేసేవాళ్ళు మా వీధి చివర చిన్న తిత్తీ పొయ్యీ పెట్టుకుని కూర్చోవడం నాకు బాగా గుర్తు. గిన్నె ఎర్రగా కాగాక నవాసారం చల్లితే గుప్పుమని తెల్లటి పొగ. తగరం కడ్డీ అలా తాకించి దూదితో ఒక్క చుట్టు తిప్పితే, నల్లగా ఉన్న గిన్నె లోపల అద్దంలా మెరిసేది. నేను బడికి ఆలస్యమైంది ఆ మెరుపు చూడటానికే. కొన్ని నెలల్లో కళాయి అరిగిపోయేది, మళ్ళీ వేయించాలి. గిన్నెలో పులుసు పెట్టొచ్చా లేదా అన్నది ఇంటి ఆడవాళ్ళు చూపుతోనే తేల్చేవాళ్ళు. రసాయనశాస్త్రం చదవనివాళ్ళు!

పులుసుకి అసలైన పాత్ర వేరే ఉంది, రాచ్చిప్ప. మెత్తటి రాయిని తొలిచి చేస్తారు. పులుపుకి రాయి చెక్కు చెదరదు, కళాయి ఖర్చు లేదు. పొయ్యి మీంచి దించాక కూడా కాసేపు కుతకుత ఉడుకుతూనే ఉంటుంది. దీని సంగతి మళ్ళీ చెప్తాను.

పింగాణీ మన తీరానికి కొత్తేమీ కాదు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. ఆ మోటుపల్లిలోనూ, నెల్లూరు తీరంలో కొత్తపట్నంలోనూ చైనా పింగాణీ పెంకులు తవ్వకాల్లో దొరికాయి. అంటే ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటే చైనా గిన్నెలు మన రేవుల్లో దిగాయి. కానీ మన వంటింటి గడప దాటలేదు. మట్టిది కాబట్టి ఎంగిలి పీల్చుకుంటుందని భయం. నునుపు పూత ఉంది, పీల్చదు అని చెప్పినా వినే రోజులు కావు. ఒక్క జాడీకి మాత్రం మినహాయింపు దొరికింది, ఎందుకంటే ఆవకాయ ఉప్పూ పులుపూ నూనే ఏడాది పొడుగునా తట్టుకోవడానికి దానికంటే మంచిది లేదు. అదే పింగాణీ కంచంలో అన్నం పెడితే మడికి పనికిరాదు. అవసరానికి మడి ఎంత చక్కగా పక్కకి తప్పుకుంటుందో!

హైదరాబాదు నవాబుల దగ్గర ఈ పట్టింపు లేదు. పింగాణీ అన్న మాటే పారశీకం నుంచి వచ్చింది. లేతాకుపచ్చ రంగులో ఉండే సెలడాన్ అనే చైనా పళ్ళేలంటే సుల్తానులకీ నవాబులకీ మోజు. విషం కలిపిన అన్నం పెడితే ఆ పళ్ళెం పగులుతుందనో రంగు మారుతుందనో నమ్మేవాళ్ళు. సాలార్‌జంగ్ మ్యూజియంలో అలాంటి సెలడాన్ సామాన్లు ఉన్నాయి, ఈసారి వెళితే గడియారం గంట దగ్గరే ఆగిపోకుండా అటు కూడా చూడండి. ఫలక్‌నుమా ప్యాలెస్ భోజనాల బల్ల చుట్టూ ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. నేను ఫోటోలో చూసి మొదట అనుకున్నది, నూటొక్కమందికీ వడ్డించేవాళ్ళు ఎక్కడ తినేవాళ్ళో అని.

గిన్నెలన్నీ బల్ల మీద పేర్చడం దొరల పద్ధతి అంటాం కదా, దొరల దగ్గర కూడా అది ఒకేలా లేదు. పాత ఫ్రెంచి పద్ధతిలో మూతగిన్నెలూ పెద్ద పళ్ళేలూ అన్నీ ఒకేసారి బల్ల మీద ముగ్గు వేసినట్టు అమర్చేవాళ్ళు. తినేవాళ్ళు తామే వడ్డించుకుంటూ పక్కవాళ్ళకి అందించేవాళ్ళు. సూప్ కోసం చేసిన, మూత మీద పువ్వో పండో బొమ్మ ఉండే పెద్ద గిన్నెలు ఆ కాలపువే. తర్వాత రష్యన్ పద్ధతి వచ్చింది. 1810 ప్రాంతంలో పారిస్‌లో ఉన్న రష్యా రాయబారి కురాకిన్ తెచ్చాడంటారు. ఇందులో బల్ల మీద పూలే ఉంటాయి, వంటకం మాత్రం ఒకటి తర్వాత ఒకటిగా నౌకర్లు తెచ్చి వడ్డిస్తారు. అంటే మన బంతి పద్ధతే! కాకపోతే మన దగ్గర నౌకరు స్థానంలో ఇల్లాలు. ఇంగ్లండులో శ్రీమతి బీటన్ 1861లో ఇంటి నిర్వహణ మీద వేసిన పుస్తకంలో, రష్యన్ పద్ధతికి చాలామంది నౌకర్లు కావాలి కాబట్టి చిన్న ఇళ్ళకి కుదరదని రాసింది. అక్కడ నౌకర్లు లేకపోతే కుదరదన్న పద్ధతి ఇక్కడ ఒక్క మనిషి చేతుల మీద వందల ఏళ్ళు నడిచింది.

ఎముకల పింగాణీ, అదే బోన్ చైనా, కూడా వాళ్ళ తయారీయే. 1790ల్లో ఇంగ్లండులో జోసయా స్పోడ్ పేరుతో స్థిరపడింది. ఆ మట్టిలో సుమారు సగం పశువుల ఎముకల బూడిద. శాకాహారులమని చెప్పుకుంటూ షోకేసులో బోన్ చైనా సెట్టు పెట్టుకున్నవాళ్ళు మనలో బోలెడుమంది. మా నాయనమ్మకి ఈ సంగతి తెలియకుండానే “అది ముట్టుకోను” అనేది. కారణం తప్పు, తీర్పు ఒప్పు అన్నమాట. అలాగే జర్మన్ సిల్వర్‌లో వెండి ఒక్క గుండు కూడా ఉండదు, రాగీ జింకూ నికెలూ అంతే. వ్రతాలకి, తాంబూలాలకి చక్కగా ఉంటుంది. పులిహోర మాత్రం అందులో పెట్టకండి.

నౌకర్లు తగ్గిపోయాక దొరసానులకీ మన కష్టమే వచ్చింది. అప్పుడే పొయ్యిలోంచి తీసి తిన్నగా బల్ల మీద పెట్టే గిన్నె పుట్టింది. ఈ కథ నాకు చాలా ఇష్టం. అమెరికాలో కార్నింగ్ అనే గాజు కంపెనీలో జెస్సీ లిటిల్టన్ అని ఒక శాస్త్రవేత్త. 1913లో ఆయన భార్య బెస్సీ వంటపాత్ర వేడికి పగిలిపోయింది. మీ ఫ్యాక్టరీలో వేడికి పగలని గాజు ఉంది కదా, తెచ్చిపెట్టండి అందావిడ. ఆయన బ్యాటరీల కోసం చేసిన గాజు జాడీ అడుగు కోయించి తెచ్చాడు. ఆవిడ అందులో కేకు చేసింది. సమంగా ఉడికింది, గాజుకి అంటుకోలేదు, లోపల ఎంతవరకు అయిందో పైకే కనబడుతోంది. 1915లో పైరెక్స్ గిన్నెలు బజారుకొచ్చాయి. గాజు కనిపెట్టినవాళ్ళకి అది రైలు దీపాల సామానుగా కనిపించింది, గిన్నెగా కనిపించింది ఆవిడకే. అయినా ఇలాంటివి ఎప్పుడూ ఆయన పేరు మీదే చెప్తారు.

మన వంటింటిని మార్చింది మాత్రం గాజు కాదు, స్టీలు. ఇదీ 1913లోనే, ఇంగ్లండులో షెఫీల్డు ఊళ్ళో హ్యారీ బ్రియర్లీ తయారుచేశాడు. తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోతున్నాయని వెతుకుతుంటే తుప్పు పట్టని ఉక్కు దొరికింది. 1980ల మొదట్లో సేలంలో ప్రభుత్వ కర్మాగారం స్టెయిన్‌లెస్ రేకు తీయడం మొదలుపెట్టింది. కళాయి అక్కర్లేదు, చింతపండు పెట్టొచ్చు, బూడిదతో తళతళలాడుతుంది. ఇత్తడి గుండిగలూ కంచు గిన్నెలూ తూకానికి వెళ్ళిపోయాయి. పాత చీరలిస్తే స్టీలు బేసిన ఇచ్చే ఆవిడ గంప దించితే వీధి వీధంతా చుట్టూ మూగేది. ఒక్కో గిన్నె కోసం గంట బేరం! పెళ్ళికి వచ్చిన ప్రతి గిన్నె అంచు మీదా చుక్కల అక్షరాలతో ఇచ్చినవాళ్ళ పేరూ తేదీ. మా అమ్మ దగ్గరున్న స్టీలు మీద పేర్లన్నీ వరసగా రాస్తే రెండు తరాల చుట్టరికాలు బయటపడతాయి. అందులో సగం ఆడవాళ్ళ పేర్లు. భూమి పత్రాల మీద ఎక్కడా కనిపించని పేర్లు గిన్నెల మీద ఉన్నాయి.

ఇక డైనింగ్ టేబులు. మా ఇంట్లోకి నేను ఆరో తరగతిలో ఉండగా వచ్చింది. మొదట్లో అమ్మకి దాని వాడకం తెలియలేదు. మేమంతా కుర్చీల్లో కూర్చుంటే తను చుట్టూ తిరుగుతూ బంతిలో వడ్డించినట్టే వడ్డించేది. పైగా కింద కూర్చున్నప్పటి కంటే ఎక్కువ తిరుగుడు, ఎందుకంటే వంటగది దూరం. తర్వాత మసి గిన్నెలే పేపరు పరిచి బల్ల మీద పెట్టడం మొదలైంది. ఒక వేసవిలో పిన్ని వచ్చి, షోకేసులో ఉన్న ఆరు స్టీలు మూతగిన్నెలు తీసి, అన్నం, పప్పు, కూర, పులుసు అన్నీ వాటిలోకి మార్చి, ఒక్కోదాంట్లో ఒక్కో గరిటె వేసి, “అక్కా, నువ్వూ కూర్చో” అంది. అమ్మ కూర్చుంది. నాన్న ఎడమ చేత్తో అన్నం వడ్డించుకున్నారు. పక్కనే పీట మీద కూర్చున్న నాయనమ్మ, “ఎడం చేత్తో గరిటె పట్టడమేమిట్రా, మతిపోయిందా?” అంది. నాన్న ఏమీ అనలేదు, గరిటె మాత్రం కింద పెట్టలేదు. పెద్ద సంస్కరణ అని ఎవరూ అనుకోలేదు. కానీ అమ్మ వేడన్నం తిన్నది ఆ రోజే, నేను చూసినంతలో.

అందుకే నా స్నేహితురాలికి చెప్పాను. వడ్డన గిన్నె అంటే చుట్టాలకి చూపించుకునే సామాను కాదే, నిలబడాల్సిన మనిషికి బదులు బల్ల మీద కూర్చునేది. కుక్కరు పెట్టినా పనవుతుంది, కాదనను. కానీ కుక్కరులోంచి వడ్డించుకోవడం ఎవరికీ చేతకాదు. లోతు ఎక్కువ, అంచు కాలుతుంది, “నువ్వే కొంచెం వెయ్యి” అంటారు, మళ్ళీ మనం లేవాలి. వెడల్పు మూతి, తక్కువ లోతు ఉంటే పదేళ్ళ పిల్లాడు కూడా తనే వేసుకుంటాడు. ఇంకోటి, బరువు. కుడి చెయ్యి కంచంలో ఉంటుంది కాబట్టి గిన్నెని పట్టుకోవడానికి రెండో చెయ్యి ఖాళీ ఉండదు. తేలిక గిన్నె అయితే గరిటె బరువుకే పక్కకి ఒరుగుతుంది, ప్లాస్టిక్కూ మెలమైనూ ఇక్కడే తేలిపోతాయి. గాజు, కంచు, రాయి కదలవు. ఖరీదూ రంగూ పువ్వులూ అన్నీ దాని తర్వాతే.

షోకేసులో తాళం వేసిన డిన్నర్ సెట్టంటే నాకు కోపం. 36 ముక్కలుంటాయి, ఏడాదికి ఒకసారి ఎవరో ఆఫీసరు గారొస్తే దిగుతాయి, ఇంట్లో పిల్లలకి చెప్పేది “ముట్టుకోకు” అని. మా పక్కింటి వరంగల్ అమ్మాయి కంచాన్ని ‘తలె’ అంటుంది, గిన్నెని ‘గంజు’ అంటుంది, తన పెళ్ళి సెట్టు మాత్రం మొదటి రోజు నుంచే వాడేస్తోంది. నాలుగు పగిలాయట. “ఉన్నవాటితోనే తింటున్నం కదా అక్కా” అంది.

తోమడం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీరు ఊరుకోరు. గిన్నెలు మార్చినందుకు సింకులో నాలుగు గిన్నెలు, నాలుగు మూతలు, నాలుగు గరిటెలు ఎక్కువ పడతాయి. కూర్చోవడానికి కట్టే అద్దె అది. మా ఇంట్లో ఆ అద్దె మావారు కడతారు, రాత్రి పూట మాత్రం. పొద్దున్నది ఇంకా చర్చల్లోనే ఉంది.

ఒక్క పులుసు మాత్రం నేను గిన్నె మార్చను. మా అత్తయ్యగారిచ్చిన రాచ్చిప్ప ఉంది, గోరువెచ్చటి నీళ్ళతో మొదలుపెట్టి, గంజి కాచి పదును పెట్టి, కొన్నాళ్ళు సన్నని సెగ మీదే అలవాటు చెయ్యాలి, లేకపోతే పగులుతుంది. పొయ్యి మీంచి చెక్క పీట మీదికి, పీటతో సహా బల్ల మీదికి. బెస్సీ గారి గాజుగిన్నె చేసే పనే, మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, కాకపోతే వంటింట్లోనే ఉండిపోయింది. బెండకాయ ముక్కల పులుసు పెడితే, అందరం కూర్చుని పప్పు అయ్యేదాకా కూడా మధ్యలో ఒక్కో బుడగ తేలుతూ ఉంటుంది. నా వంతు వచ్చేసరికి కూడా పొగలు వస్తూనే ఉంటాయి.